టార్ వాడి, క్రిప్టోలో కడితే నిజంగా ఎవరూ పట్టుకోలేరా? రూమ్మేట్ చేసిన పనికి నాకు నిద్ర లేదు

మూడో_అంతస్తు

అందరికీ నమస్తే. ఇక్కడ చదవడమే తప్ప ఎప్పుడూ రాయలేదు, ఇవాళ తప్పట్లేదు. కాస్త పొడుగ్గా ఉంటుంది, ఓపిక పట్టండి.

నేనూ మా ఊరి కుర్రాడొకడూ హైదరాబాద్‌లో ఒక ఫ్లాట్‌లో ఉంటున్నాం. వాడు నాకంటే నాలుగేళ్లు చిన్న, అన్నా అని పిలుస్తాడు, నేనున్నానన్న ధైర్యంతోనే వాళ్లమ్మ వాడిని సిటీకి పంపింది. రెంటల్ అగ్రిమెంట్ నా పేరు మీద, వైఫై నా పేరు మీద, గ్యాస్ కూడా నా పేరు మీదే. ఆదివారం కంచం ముందు కూర్చుని ముద్ద ఎత్తకుండా ల్యాప్‌టాప్ వంక చూస్తుంటే ఏంట్రా అని గట్టిగా అడిగాను, అప్పుడు కక్కాడు. కొన్ని నెలల నుంచి డార్క్‌నెట్ మార్కెట్ ఒకదాంట్లో, అదే నెట్ వాడేదెవరో దాచే టార్ అనే బ్రౌజర్‌లో తెరుచుకునే దొంగచాటు బజారులో, వీడికి అకౌంట్ ఉందట. ఎల్‌ఎస్‌డీ మత్తుమందు బ్లాట్లు, అదే మందు ఇంకిన కాగితాలు, స్టాంపు ముక్కల్లా ఉంటాయట, రెండు సార్లు ఆర్డర్ పెట్టాడట. మొదటిది వచ్చింది. రెండోది ఇంకా రాలేదు. మూడోదాని కోసం 22 వేల రూపాయల క్రిప్టో ఆ సైట్ వాలెట్‌లో వేశాడు.

పది రోజులుగా ఆ డబ్బు వెనక్కి రావట్లేదు, మెయింటెనెన్స్ అని చూపిస్తోంది. మొన్న లాగిన్ అయితే ఒక మెసేజ్ ఉంది: నీ ఆర్డర్లు, అడ్రస్, చాట్‌లు అన్నీ మా దగ్గర ఉన్నాయి, ఇంత కడితే తీసేస్తాం, లేకపోతే లిస్టు బయట పెడతాం. నిన్నటిదాకా "టార్ వాడానన్నా, ఎన్‌క్రిప్షన్ ఉందన్నా, క్రిప్టోలో కట్టానన్నా, పేరు లేదు ఊరు లేదు, ఎవడు పట్టుకుంటాడు" అన్నవాడు ఇప్పుడు కాలింగ్ బెల్ మోగితే బాత్రూంలో దూరుతున్నాడు.

అడగాల్సినవి: అడిగింది కట్టేస్తే వదిలేస్తారా? వీడు చెప్పే ఆ టార్ కబుర్లలో నిజమెంత? వైఫై నాది, అడ్రస్ మా ఇద్దరిదీ, నా మెడకు చుట్టుకుంటుందా? ఇంకోటి, టెలిగ్రామ్‌లో ఎవడో 15 శాతం కమిషన్ ఇస్తే ఇరుక్కున్న క్రిప్టో రికవరీ చేసి పెడతానంటున్నాడట, వాడిని నమ్మొచ్చా?

---

ఉల్లిపొర

ముందు ఆ టెలిగ్రామ్ వాడిని బ్లాక్ చేయించి వచ్చి మిగతాది చదువు. పోయిన క్రిప్టో రికవరీ చేస్తామనే వాళ్లు మునిగినవాడి జేబులు వెతికే బ్యాచ్. "ముందు గ్యాస్ ఫీజు పంపండి", అంటే క్రిప్టో పంపే ఛార్జీ కట్టండి, అక్కడ మొదలుపెడతారు, ఇక ఆగరు.

కట్టాలా అంటే, వద్దు. మీ వాడికి వచ్చిన మెసేజ్ చదివితే 2024 మార్చిలో ఇన్‌కాగ్నిటో అనే ఇలాంటి డార్క్‌నెట్ మార్కెట్‌లో జరిగింది గుర్తొచ్చింది, అచ్చు గుద్దినట్టు అదే. మొదట జనం తమ డబ్బు వెనక్కి తీసుకోకుండా ఆపేశారు, తర్వాత అడ్మిన్ నేరుగా బెదిరింపు పెట్టాడు, 5 లక్షల 57 వేల ఆర్డర్లు, 8 లక్షల 62 వేల క్రిప్టో లావాదేవీల వివరాలు బయట పెడతానని, అమ్మేవాళ్ల స్థాయిని బట్టి 100 డాలర్ల నుంచి 20 వేల డాలర్ల దాకా రేటు కట్టాడు. ఇది బ్లాక్‌మెయిలే అని సిగ్గు లేకుండా తనే రాసుకున్నాడు కూడా. ఆ మేలో న్యూయార్క్ ఎయిర్‌పోర్టులో పట్టుకుంటే తేలిందేంటంటే తైవాన్ కుర్రాడు, 23 ఏళ్లు, పేరు రుయ్-షియాంగ్ లిన్. మార్కెట్‌కి సంబంధించిన ఒక వెబ్‌సైట్ డొమైన్‌ని సొంత పేరుతో రిజిస్టర్ చేసుకున్నాడు, మార్కెట్ డబ్బు చివరికి చేరిన ఎక్స్ఛేంజ్ (క్రిప్టో కొని అమ్మే చోటు) అకౌంట్ వాడి ఫోటో గుర్తింపు కార్డుతో తెరిచింది. ఇంకా నవ్వొచ్చేది, ఈ మధ్యలోనే సెయింట్ లూసియా దేశంలో పోలీసులకి సైబర్ నేరాలు, క్రిప్టో మీద నాలుగు రోజులు ట్రైనింగ్ ఇచ్చాడు! అంత తెలిసినవాడే అలా దొరికాడు. నువ్వు డబ్బు కడితే మీ వాడిని బెదిరించేవాడు కాపీ చెరిపేశాడని నీకు రసీదు ఇస్తాడా? కట్టావంటే నువ్వు భయపడ్డావని, నీ దగ్గర ఇంకా ఉందని వాడికి తెలిసిపోతుంది, అంతే.

ఎన్‌క్రిప్షన్ సంగతి. మీ వాడిని ఒక్క మాట అడుగు, అడ్రస్‌ని తన కంప్యూటర్లో తనే పీజీపీ అనే ఎన్‌క్రిప్షన్ సాఫ్ట్‌వేర్‌తో తాళం వేసి పంపాడా, లేక సైట్‌లో "ఎన్‌క్రిప్ట్ చేయి" అనే గడిలో టిక్ పెట్టాడా? రెండోదైతే ఉత్తరం రాసి కవరు అతికించమని పోస్ట్‌మాన్ చేతికే ఇచ్చినట్టు. ఇన్‌కాగ్నిటో అడ్మిన్ దాని మీదే ఎగతాళి చేశాడు, మా ఆటో ఎన్‌క్రిప్షన్‌ని ఇంతమంది నమ్మారా అని.

అంతకుముందు 2017లో హాన్సా అనే మార్కెట్ ఉండేది. డచ్ పోలీసులు దాని సర్వర్లు చేతికి తీసుకుని మూసేయలేదు, 27 రోజులు తామే నడిపారు. కొనేవాళ్లకి తెలియదు, అమ్మేవాళ్లకి తెలియదు, కస్టమర్ కంప్లైంట్లకి కూడా పోలీసులే జవాబులిచ్చారు. ఆ ఆటో ఎన్‌క్రిప్షన్ కోడ్‌ని మార్చి, తాళం పడేలోపే మెసేజ్ కాపీ తీసుకున్నారు. అదే టైంలో అమెరికా వాళ్లు ఆల్ఫాబే అనే పెద్ద మార్కెట్‌ని మూయించారు, అక్కడి జనమంతా గాభరాగా పరిగెత్తుకొచ్చి హాన్సాలోనే చేరారు, అంటే నేరుగా పోలీసుల వలలోకే. విదేశాల కొనుగోలుదారుల అడ్రస్‌లే ఓ పది వేల దాకా యూరప్ పోలీసు సంస్థ యూరోపోల్‌కి వెళ్లాయి. కాబట్టి మీ వాడి సైట్‌ని ఇప్పుడు నడుపుతున్నది దొంగో పోలీసో మీకు తెలిసే దారి లేదు. ఇంకోసారి లాగిన్ అవ్వొద్దని చెప్పు.

వైఫై గురించి. నీ ఇంటర్నెట్ కంపెనీకి టార్ వాడారని కనిపిస్తుంది, లోపల ఏం చేశారో కనిపించదు. టార్ వాడటం మన దేశంలో నేరం కాదు. కానీ "కనిపిస్తుంది" అన్నది కూడా చిన్న విషయం కాదు. 2013 డిసెంబర్‌లో హార్వర్డ్‌లో ఒక విద్యార్థి పరీక్ష తప్పించుకోవడానికి టార్ మీద నుంచి బాంబు బెదిరింపు మెయిల్ పంపాడు. మెయిల్ ఎవరిదో టార్ చెప్పలేదు, నిజమే. ఆ సమయంలో క్యాంపస్ నెట్‌వర్క్‌లో టార్ వాడినవాళ్లు ఎవరని లాగ్స్ చూశారు, కొద్దిమందే తేలారు, ఎఫ్‌బీఐ వాళ్లు వెళ్లి అడగ్గానే ఒప్పేసుకున్నాడు. ఊళ్లో అందరూ మామూలుగా తిరుగుతుంటే ఒక్కడే ముసుగేసుకుని తిరిగినట్టు అయింది.

---

చింతకాయ_తొక్కు

సరుకు చేరేదాకా డబ్బు సైట్ దగ్గరే ఉంచడానికి ఎస్క్రో అని గొప్ప పేరు పెట్టుకున్నారు గానీ అది దొంగ చేతికి తాళాలివ్వడమే. 2015 మార్చిలో ఎవల్యూషన్ అనే డార్క్‌నెట్ మార్కెట్ వాళ్లు దాదాపు 1.2 కోట్ల డాలర్లతో ఉడాయించారు. 2019లో వాల్ స్ట్రీట్ అనే ఇంకో డార్క్‌నెట్ మార్కెట్. 2020 ఆగస్టులో ఎంపైర్. ముందు "మెయింటెనెన్స్" లాంటి ఏదో ఒక సాకు చెప్పడం మామూలే. కన్జ్యూమర్ ఫోరంకి వెళ్తాడా మీ వాడు? 22 వేలకి నీళ్లొదిలేయమను.

---

మూడో_అంతస్తు

@ఉల్లిపొర అన్నా, అడిగాను. టిక్కే పెట్టాడట. ఇంటి నంబర్, ఫ్లోర్, ల్యాండ్‌మార్క్‌తో సహా. పేరు మాత్రం వేరేది ఇచ్చాడట, ఫోన్ నంబర్ నిజమైనదే, ఎందుకంటే "కొరియర్ వాడు ఫోన్ చేయాలి కదన్నా" అంటున్నాడు. ఏమనాలో అర్థం కాలేదు.

---

గోడమీద_పిల్లి

అందరూ టార్‌ని ఏదో దొంగల బజారులా మాట్లాడుతున్నారు, అది నాకు నచ్చలేదు. దాని పుట్టుకే అమెరికా నౌకాదళ పరిశోధనా సంస్థలో. బీబీసీ 2019 నుంచి టార్‌లో సైట్ నడుపుతోంది, సెన్సార్ ఉన్న దేశాల వాళ్లు వార్తలు చదువుకోవడానికి. జర్నలిస్టులు వాడతారు, ఇంట్లో కొట్టే మొగుడి నుంచి దాక్కోవాల్సిన ఆడవాళ్లు వాడతారు. నేనూ వాడతాను, ఏమీ కొనను.

పెద్ద కేసుల్లో టార్‌ని, పీజీపీని పగలగొట్టి పట్టుకున్నది చాలా తక్కువ. సిల్క్ రోడ్ అనే డార్క్‌నెట్ మార్కెట్ నడిపిన రాస్ ఉల్‌బ్రిక్ట్ 2011 జనవరిలో సైట్‌కి ప్రచారం చేసుకోవడానికి ఒక మారుపేరు వాడాడు, అదే ఏడాది అదే మారుపేరుతో ఉద్యోగులు కావాలని ఇంకో పోస్ట్ పెట్టి కింద సొంత పేరున్న జీమెయిల్ ఇచ్చాడు. దాన్ని కనిపెట్టింది ఒక ఇన్‌కం ట్యాక్స్ ఆఫీసరు, మామూలు గూగుల్ సెర్చ్‌లో. 2013 అక్టోబర్ 1న శాన్ ఫ్రాన్సిస్కోలో లైబ్రరీలో కూర్చుని ఉంటే వెనక ఒక ఆడా మగా ప్రేమికుల్లా పోట్లాడుకున్నారు, వీడు తల తిప్పాడు, తెరిచి ఉన్న ల్యాప్‌టాప్ అడ్మిన్ లాగిన్‌తో సహా లాగేసుకున్నారు. రెండు యావజ్జీవాలు, పైన 40 ఏళ్లు పడ్డాయి, 2025 జనవరిలో ట్రంప్ క్షమాభిక్షతో బయటికొచ్చాడు. ఆల్ఫాబే యజమానిదీ ఇదే తంతు. సైట్ పంపే స్వాగతం మెయిల్ హెడర్‌లో సొంత హాట్‌మెయిల్ అడ్రస్ బయటపడింది, బ్యాంకాక్‌లో వాడి గేటుకి పోలీసులు కావాలని కారు గుద్దితే ఏంటా గోల అని బయటికొచ్చాడు, లోపల ల్యాప్‌టాప్ తెరిచే ఉంది.

మీ వాడి ఫోన్ నంబర్ సంగతి విన్నాక ఇది గుర్తొచ్చింది. పాపం టార్ ఏం చేస్తుంది.

---

గుంటూరు_గోంగూర

టార్ గొడవ నాకు తెలియదు గానీ డబ్బు సంగతి నేను చెప్తాను, ఎందుకంటే డార్క్‌నెట్ మొహం చూడకుండానే నేను నాలుగు నెలలు ఏడ్చాను.

2023లో నా దగ్గర 400 యూఎస్‌డీటీ, అదే డాలర్ విలువకి కట్టిన క్రిప్టో, ఉండేవి. ఎక్స్ఛేంజ్‌లో అమ్మితే 1 శాతం టీడీఎస్ కోస్తారు, లాభం మీద 30 శాతం పన్ను, ఇదంతా ఎందుకులే అని తెలివి ఎక్కువై పీటూపీలో, అంటే మనిషికి మనిషి నేరుగా అమ్ముకునే పద్ధతిలో, ఎవడికో అమ్మాను. ఐదు నిమిషాల్లో డబ్బు పడింది. పంపినవాడి పేరు చాట్‌లో పేరు ఒకటి కాదు, మా బావమరిది అకౌంట్ అన్నాడు, సరే అనుకున్నా. మూడు వారాల తర్వాత టిఫిన్ సెంటర్లో రెండు ఇడ్లీలకి యూపీఐ కొడితే ఫెయిల్. ఇంకోసారి కొట్టాను, ఫెయిల్. బ్యాంకుకి వెళ్తే, ఎక్కడో ఇంకో రాష్ట్రంలో సైబర్ పోలీసులు మీ అకౌంట్ మీద లీన్ పెట్టారు, డబ్బు తీయకుండా ఆపారు, మేమేం చేయలేం, వాళ్లతో మాట్లాడుకోండి అన్నారు. నాకు పడిన ఆ డబ్బు ఎవరో పెద్దాయన్ని మోసం చేసి లాగిందట, రెండు మూడు అకౌంట్లు దాటి నా దాంట్లో పడింది. జీతం పడేది అదే అకౌంట్. ఓనర్‌కి రెంట్ మా చెల్లి దగ్గర అప్పు చేసి కట్టాను. మెయిల్ మీద మెయిల్, చాట్ స్క్రీన్‌షాట్లు, స్టేట్‌మెంట్లు, ఒకసారి రైలెక్కి అంత దూరం వెళ్లి కూడా వచ్చా, మొత్తం నాలుగు నెలలు. ఆ కథ తర్వాత వివరంగా రాస్తా, బీపీ వస్తుంది.

మీ వాడిని అడుగు, ఆ 22 వేల క్రిప్టో ఎక్కడ కొన్నాడో. మన దేశం ఎక్స్ఛేంజ్‌లో అయితే పాన్, ఆధార్, సెల్ఫీ అన్నీ ఇచ్చి ఉంటాడు, 2023 మార్చి నుంచి ఎక్స్ఛేంజ్‌లు మనీలాండరింగ్ చట్టం కిందకి కూడా వచ్చాయి, అనుమానం వస్తే పైకి రిపోర్ట్ పంపాల్సిందే. పీటూపీలో అయితే నా గతే.

---

ఉల్లిపొర

@గుంటూరు_గోంగూర చెప్పింది అక్షరాలా నిజం. దానికి ఒకటి కలుపుతా. బిట్‌కాయిన్‌కి పేరు ఉండదు, అంతేగానీ అందులో రహస్యం అంటూ ఏమీ లేదు. పూర్వం కిరాణా కొట్లో గోడ మీద అందరికీ కనిపించేలా అరువు ఖాతా రాస్తే ఎలా ఉంటుంది, పేర్ల బదులు నంబర్లతో? అదీ బ్లాక్‌చెయిన్. ఆ నంబర్ ఎవరిదో ఒక్క చోట, ఒక్కసారి తెలిస్తే చాలు, పాత ఖాతా అంతా పేరుతో సహా చదివేయొచ్చు. గోడ సున్నం వేసినా పోదు.

2012 సెప్టెంబర్‌లో జేమ్స్ జాంగ్ అనేవాడు సిల్క్ రోడ్ విత్‌డ్రాయల్‌లో లోపం పట్టుకుని 50 వేలకి పైగా బిట్‌కాయిన్లు కొట్టేశాడు. దొంగల సైట్‌లో దొంగతనం, కంప్లైంట్ ఇచ్చేవాడే లేడు. తొమ్మిదేళ్లు హాయిగా ఉన్నాడు. 2021 నవంబర్‌లో అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో వాడి ఇంట్లో సోదా చేస్తే బాత్రూం అలమరలో దుప్పట్ల కింద పాప్‌కార్న్ డబ్బాలో చిన్న కంప్యూటర్ బోర్డు, దాంట్లో బిట్‌కాయిన్లు. ఆ రోజు లెక్కలో 336 కోట్ల డాలర్లు. సిల్క్ రోడ్ కేసు దర్యాప్తు చేసిన ఇద్దరు అమెరికా ఏజెంట్లే బిట్‌కాయిన్లు నొక్కేసి ఇదే దారిలో దొరికి ఆరేళ్లు, ఆరున్నరేళ్లు శిక్ష పడ్డవాళ్లు.

మీ వాడు మొనేరో అనే ఇంకో క్రిప్టో పేరు చెబుతాడేమో. అది బిట్‌కాయిన్‌లా గోడ మీద రాయదు, నిజమే. కానీ కొన్నచోట మొహం చూపించి ఉంటాడు, పార్సిల్ చేరేచోట ఫోన్ నంబర్ ఇచ్చాడు. మధ్యలో పది గజాలు చీకటిగా ఉంటే ఏం లాభం?

---

నల్లకోటు_విజయవాడ

లాయర్‌ని. ఇది సలహా కోసం రాసేదే గానీ మీ కేసు పూర్తిగా చూడకుండా రాస్తున్నానని గుర్తుంచుకోండి.

కుర్రాళ్లు "రెండు కాగితం ముక్కలే కదా" అనుకుంటారు. ఎన్‌డీపీఎస్ అనే మత్తుమందుల చట్టం 1985లో ఎల్‌ఎస్‌డీకి చిన్న పరిమాణం 0.002 గ్రాము, వాణిజ్య పరిమాణం 0.1 గ్రాము. గంజాయికి అదే వాణిజ్య పరిమాణం 20 కిలోలు, తేడా చూడండి. బ్లాట్ కాగితం బరువు కూడా కలిపి లెక్కేయాలా, మందు ఒక్కటే లెక్కా అని కోర్టుల్లో వాదనలు నడిచాయి, కలిపి లెక్కేస్తే కొద్ది ముక్కలకే 0.1 దాటిపోతుంది. దాటితే సెక్షన్ 22 కింద కనీసం పదేళ్లు, 20 దాకా పడొచ్చు, సెక్షన్ 37 వల్ల బెయిల్ చాలా కష్టం. విదేశం నుంచి తెప్పిస్తే సెక్షన్ 23 కూడా. కేంద్ర మత్తుమందుల నిరోధక సంస్థ ఎన్‌సీబీ 2023 జూన్‌లో దేశవ్యాప్తంగా దాదాపు 15 వేల బ్లాట్లు పట్టుకున్న కేసు గుర్తుందా, అదంతా డార్క్‌నెట్, క్రిప్టో, కొరియర్ మీద నడిచిందే, పట్టుబడ్డవాళ్లు చదువుకున్న కుర్రాళ్లు.

మీ గురించి. సెక్షన్ 25 ఉంది, తన ఇంటిని ఇలాంటి పనికి "తెలిసీ" వాడుకోనిచ్చినవాడికి. ఆ తెలిసీ అన్న మాట ముఖ్యం. ఆదివారం దాకా మీకు తెలియదు. ఇప్పుడు తెలుసు. నేను చెప్పేది అర్థమైందనుకుంటాను. ఇంట్లో ఏమైనా మిగిలి ఉందా అని ముందు అడగండి, ఆ జవాబు ఇక్కడ రాయకండి, మీ లాయర్‌కి చెప్పండి.

రెండో పార్సిల్ రాలేదన్నారు. అది నాకు మెసేజ్ కంటే ఎక్కువ భయం. మోసపోయి ఉండొచ్చు. కస్టమ్స్ దగ్గర ఆగి ఉండొచ్చు కూడా. చట్టంలో కంట్రోల్డ్ డెలివరీ అని ఉంది, పార్సిల్‌ని పట్టుకుని ఆపకుండా, వెనక కాపు కాసి, ఎవరు తీసుకుంటారో చూస్తారు. సంతకం పెట్టింది మీరైతే ఆ తర్వాత "మా తమ్ముడిది సార్" అంటే వినేవాళ్లుండరు. మీరు తెప్పించుకోని పార్సిల్ దేనికీ సంతకం పెట్టకండి.

ల్యాప్‌టాప్ ఫార్మాట్ చేయడం, ఫోన్ పగలగొట్టడం లాంటివి చేయొద్దు, సాక్ష్యం మాయం చేయడం వేరే నేరం. బెదిరింపు మీద సైబర్ క్రైమ్ హెల్ప్‌లైన్ 1930కి ఫిర్యాదు చేయొచ్చు, కానీ అక్కడ చెప్పే మాటలు మీ మీదకే తిరగొచ్చు కాబట్టి ముందు క్రిమినల్ లాయర్‌ని కలిసి, ఆయనతో కలిసి నిర్ణయించుకోండి. అబ్బాయికి అలవాటుగా మారి ఉంటే సెక్షన్ 64ఏ చూడమనండి, చిన్న పరిమాణం కేసుల్లో వ్యసనపరుడు తనంతట తాను గుర్తింపు ఉన్న ఆసుపత్రిలో చికిత్సకి చేరి పూర్తి చేస్తే ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఉంటుంది. 14446 డీ-అడిక్షన్ హెల్ప్‌లైన్, తెలుగులో మాట్లాడతారా అని ముందే అడగండి.

---

చింతకాయ_తొక్కు

లాయర్ గారూ, ఆ పార్సిల్ పేరా చదివి నేనే మా ఇంటికొచ్చిన చీపురు ఆర్డర్‌కి సంతకం పెట్టాలంటే ఆలోచించాను.

---

మూడో_అంతస్తు

అందరికీ థాంక్స్. చదివి వాడికీ చూపించాను, పాప్‌కార్న్ డబ్బా దాకా నవ్వాడు, సెక్షన్ 22 దగ్గర ఏడ్చాడు. క్రిప్టో కొన్నది మన ఎక్స్ఛేంజ్‌లోనే, పాన్ ఇచ్చి, తెల్ల గోడ ముందు సెల్ఫీ దిగి మరీ. ఆ గోడ మా హాల్‌దే. వాళ్లమ్మకి చెప్పొద్దని కాళ్లు పట్టుకుంటున్నాడు, చెప్పకపోతే రేపు ఏమైనా అయితే ఆమె మొహం నేనెలా చూడాలో తెలియట్లేదు. తెలిసినవాళ్ల ద్వారా ఒక క్రిమినల్ లాయర్ దొరికారు, రేపు 11 గంటలకి రమ్మన్నారు. ఏం పట్టుకెళ్లాలి?

---

నల్లకోటు_విజయవాడ

రెంటల్ అగ్రిమెంట్ కాపీ, ఇద్దరి ఆధార్, ఆ బెదిరింపు మెసేజ్‌కి ఇప్పటికే స్క్రీన్‌షాట్ తీసి ఉంటే అది. ఆయనకి ఏమీ దాచొద్దు, లాయర్‌కి సగం చెప్పడం కంటే వెళ్లకపోవడం నయం. తల్లికి చెప్పడం రేపు ఆయన్ని కలిశాక చూసుకోండి. స్క్రీన్‌షాట్ లేకపోతే దాని కోసమని మళ్లీ ఆ సైట్ తెరవనివ్వకండి.

---

మూడో_అంతస్తు

మీరు రాసేలోపే తెరిచేశాడండీ. రేటు డబుల్ చేశారట.